మాన్ పేజీలో ఆ ఒక్క లైను

మనం తిట్టుకుంటూ చదివే యునిక్స్ మాన్ పేజీల మొదటి ప్రతి 1971 నవంబరు 3న బెల్ ల్యాబ్స్‌లో వచ్చింది. కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీల రాత. కమాండు పేరు, పక్కనే అది చేసే పని ఒక్క ముక్కలో. కింద 'బగ్స్', ఆ కింద 'ఓనర్'. సొంత ప్రోగ్రాం లోపాలు తామే రాసి పేరు పెట్టుకున్నారన్నమాట! ఇప్పుడా ధైర్యం ఎవరికుందీ?

తర్వాత అప్రొపో కమాండు వచ్చింది. అది వెతికేది ఆ మొదటి లైన్లలోనే. గ్నూ గ్రెప్ పేజీ మొదటి లైన్లో 'సెర్చ్' అనే మాటే లేదు. అందుకే 'అప్రొపో సెర్చ్' కొడితే గ్రెప్ కనబడదు! బీఎస్‌డీ వాళ్ళు 'సెర్చర్' అని రాశారు, అక్కడ దొరుకుతుంది.

2024 నవంబరులో ఎంసీపీ వచ్చాక మళ్ళీ అదే పని చేస్తున్నాం. టూల్ లోపలి కోడ్ ఏజెంటుకి కనబడదు. పేరు, వివరణ, ఇన్‌పుట్ స్కీమా, అంతే. మా టీములో రెండు టూల్స్‌కీ 'డాక్యుమెంట్లు వెతుకుతుంది' అనే రాశాం. ఒకటి ఇప్పటి ఏపీఐ డాక్స్‌కి, రెండోది పాత రిలీజ్ నోట్స్‌కి. ఏజెంటు పాతవి తెచ్చి, ఎప్పుడో తీసేసిన పారామీటర్ని ధీమాగా చెప్పింది. కొత్తగా చేరిన కుర్రాడు రెండ్రోజులు దాంతో కుస్తీ పట్టాడు పాపం.

మోడల్ మార్చేద్దామన్నారు మేనేజరుగారు. నేను వివరణ మార్చాను: "పాత రిలీజ్ నోట్స్ మాత్రమే. ఇప్పటి పారామీటర్ల కోసం ఇది వాడొద్దు, ఏపీఐ డాక్స్ టూల్ వాడు." ఆ 'బగ్స్' విభాగమే ఇది. కింద 'ఓనర్' అని నా పేరు మాత్రం పెట్టలేదు లెండి :)