నష్టం ఎవరి నెత్తిన? కేసీ కాలువ నుంచి విత్తనాల ప్యాకెట్ దాకా వ్యాపార చట్టం కథ

ఈ ఎపిసోడ్ ముఖ్యంగా బీకాం, బీబీఏ చదివే పిల్లల కోసం. బిజినెస్ లా పేపర్ అంటే చాలామందికి సెక్షన్ నెంబర్లు బట్టీ పట్టడమే. ఆఫర్, యాక్సెప్టెన్స్, కన్సిడరేషన్ అని వరసగా చదువుతారు, పరీక్ష అయిన మర్నాడు అన్నీ గాల్లో కలిసిపోతాయి. నేను చదివింది బీటెక్, మాకు ఈ పేపరే లేదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో క్లయింట్ ఒప్పందాలు చదవాల్సి వచ్చినప్పుడే ఈ మాటలు మొదటిసారి నా కంట పడ్డాయి. అప్పుడు గమనించిందేంటంటే, ఒప్పందంలో ఏం పని చెయ్యాలో చెప్పే పేజీలు కొన్నే. మిగతాదంతా పని చెడితే ఎవరు ఎంత కట్టాలి, ఎంతకు మించి కట్టక్కర్లేదు అన్న లెక్కే.

అందుకే నన్నడిగితే వ్యాపార చట్టం మొత్తం ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: నష్టం వస్తే అది ఎవరి నెత్తిన పడాలి? దీనికి ఉదాహరణలు వెతుక్కుంటూ లండన్ దాకా పోనక్కర్లేదు. నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతంలోనే రెండు మంచి కథలున్నాయి. ఒకటి కాలువది, ఇంకోటి విత్తనాలది. కాలువ కథ త్వరగా చెప్పేస్తాను, విత్తనాల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

కేసీ కాలువ మీకు తెలిసిందే. కర్నూలు దగ్గర సుంకేసుల వద్ద తుంగభద్ర నుంచి బయల్దేరి, నంద్యాల ప్రాంతం మీదుగా కడప దాకా వెళ్తుంది. దీని కింద సుమారు 2.65 లక్షల ఎకరాల ఆయకట్టు ఉంది. దీన్ని కట్టింది ప్రభుత్వం కాదు, లండన్‌లో పుట్టిన ఒక ప్రైవేటు కంపెనీ. పేరు మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ. ధవళేశ్వరం ఆనకట్టతో పేరు తెచ్చుకున్న ఆర్థర్ కాటన్ ఆలోచనలే దీనికి ప్రేరణ. తుంగభద్ర మీద చాలా పెద్ద పథకాలు గీసుకున్నారు, చివరికి పూర్తయింది ఈ ఒక్క కాలువే. 1860లలో పని సాగింది. పొలాలకు నీళ్ళతో పాటు పడవలు కూడా నడవాలన్నది అప్పటి ప్లాను.

ఇక్కడ కంపెనీ లా మొదటి పాఠం వస్తుంది. కంపెనీ అంటే చట్టం దృష్టిలో ఒక వేరే మనిషి. దాని అప్పులు దానివి, వాటాదారుల అప్పులు వాటాదారులవి. కంపెనీ మునిగితే వాటాదారుడికి పోయేది పెట్టిన డబ్బు మాత్రమే, ఇల్లూ వాకిలీ జప్తు కావు. దీన్నే లిమిటెడ్ లయబిలిటీ అంటాం. బ్రిటన్‌లో సాధారణ కంపెనీలకు ఈ వెసులుబాటు 1855లో ఇచ్చారు. ముక్కూ మొహం తెలియని దేశంలో కాలువ తవ్వడానికి లండన్‌లో కూర్చున్న మనిషి డబ్బు పెట్టాడంటే ఇలాంటి ధైర్యం ఉండాలి. ఇంతవరకూ న్యాయంగానే ఉంది కదా? లాభం వస్తే నీది, నష్టం వస్తే పెట్టినంత వరకూ నీది.

కానీ ఈ కంపెనీకి ఇంకో హామీ కూడా దొరికింది. పది లక్షల పౌండ్ల మూలధనం మీద ఏటా 5 శాతం వడ్డీకి ప్రభుత్వం పూచీ పడింది. కాలువలో నీళ్ళు పారినా పారకపోయినా, రైతు నీటితీరువ కట్టినా కట్టకపోయినా, ఆ 5 శాతం వస్తుంది. మీ సిలబస్‌లో గ్యారంటీ కాంట్రాక్ట్ ఉంటుంది, 126వ సెక్షన్. అప్పిచ్చినవాడు, తీసుకున్నవాడు, మధ్యలో పూచీ పడినవాడు. మన ఇళ్ళల్లో అయితే బ్యాంకు లోనుకు మేనమామ సంతకం పెడతాడు చూడండి, అది. మేనమామ ఊరికే పెట్టడు, వీడు కడతాడా లేదా అని ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు, ఎందుకంటే పోయేది తన జేబులోది. కాలువ విషయంలో అలా జరగలేదు. పూచీ పడింది భారత ప్రభుత్వం పేరు మీద, ఆ డబ్బు వచ్చేది ఇక్కడి పన్నుల్లోంచి, అందులో పెద్ద భాగం రైతు కట్టే శిస్తు. శిస్తు కట్టే మనిషిని ఎవరూ అడగలేదు.

రైల్వేలకు కూడా ఇదే పద్ధతి. భారత ప్రభుత్వంలో ఆర్థిక వ్యవహారాలు చూసిన విలియం మాసీ 1872లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు దాదాపు ఇలా అన్నాడు: వడ్డీకి హామీ దొరికాక, తన డబ్బు హుగ్లీ నదిలో పోశారా ఇటుకలు పేర్చారా అన్నది పెట్టుబడిదారుడికి పట్టదు అని. సొంత మనిషే అన్నాడు ఆ మాట.

మరి కేసీ కాలువకు ఏమైంది? ఖర్చు అంచనాలు దాటింది. నల్లరేగడిలో జొన్న, కొర్ర, పత్తి వానకు పండించుకునే రైతులు కంపెనీ అనుకున్నంతగా నీళ్ళు తీసుకోలేదు. కంపెనీకి రాబడి లేదు. 1876-78లో ధాత కరువు వచ్చింది, బాగా దెబ్బతిన్న జిల్లాల్లో కర్నూలు ఒకటి. ఊళ్ళకు కరువొచ్చింది గానీ, హామీ ఉన్న వడ్డీకి రాలేదు. చివరికి 1882లో ప్రభుత్వమే కాలువను కొనేసింది. ఈ రోజు ఆ కాలువ లేని నంద్యాలను ఊహించలేం, అది వేరే సంగతి. నేను చెప్పేది కాగితం మీది సంగతి. నష్టం వాటాదారుడి దగ్గర ఆగాల్సింది, ఒక్క క్లాజుతో సముద్రం దాటి శిస్తు కట్టే రైతు దగ్గరికి వచ్చింది.

కాలువ నడుస్తున్న ఆ కాలంలోనే, 1872 సెప్టెంబరు 1న, ఇండియన్ కాంట్రాక్ట్ యాక్ట్ అమల్లోకి వచ్చింది. మీరు చదివేది ఇప్పటికీ అదే. ఆ చట్టం ఊహించుకున్న ప్రపంచంలో ఇద్దరు సమానమైన మనుషులు ఎదురెదురుగా కూర్చుని బేరమాడుకుంటారు. సరుకుల అమ్మకం నియమాలు మొదట అందులోనే ఒక అధ్యాయంగా ఉండేవి. 1930లో వాటిని విడదీసి సేల్ ఆఫ్ గూడ్స్ యాక్ట్ చేశారు. దాంట్లో అందరూ చదివే సూత్రం, కొనేవాడే చూసుకోవాలి అన్నది. లాటిన్‌లో కేవియట్ ఎంప్టర్ అంటారు.

సంతలో ఎద్దును కొనేటప్పుడు ఈ సూత్రం చక్కగా సరిపోతుంది. రైతు పళ్ళు చూస్తాడు, నడిపించి చూస్తాడు, సుడులు కూడా చూస్తాడు. అన్నీ చూసి కొన్నాక ఫిర్యాదు చేస్తే ఎవరూ వినరు. మరి విత్తనం? ప్యాకెట్ చింపి చేతిలో పోసుకుంటే మంచి విత్తనమూ చెడ్డ విత్తనమూ ఒకేలా ఉంటాయి. మొలక వస్తే సగం తెలుస్తుంది. పూత, కాయ వచ్చే దాకా మిగతా సగం తెలియదు. అప్పటికి దున్నకం, ఎరువు, మందులు, కూలీలు, కౌలు అన్నీ మట్టిలో కలిసిపోయి ఉంటాయి. చట్టానికి ఈ సంగతి తెలియదని కాదు. 16వ సెక్షన్ ఒక మినహాయింపు ఇస్తుంది: ఏ పనికి కొంటున్నానో చెప్పి, అమ్మేవాడి నైపుణ్యం మీద నమ్మకంతో కొంటే, ఆ సరుకు ఆ పనికి పనికిరావాలి. విత్తనం కొనేది విత్తడానికే కదా, వేరే చెప్పాలా? కాంట్రాక్ట్ యాక్ట్ 73వ సెక్షన్ ప్రకారం పరిహారం కూడా ప్యాకెట్ ధర దగ్గర ఆగదు, మాట తప్పడం వల్ల మామూలుగా జరిగే నష్టం లెక్కకు వస్తుంది. అంటే పంట.

సూత్రం బాగానే ఉంది. నిరూపించడం దగ్గరే చిక్కు.

నంద్యాల విత్తనాల వ్యాపారానికి పెట్టింది పేరు. నంద్యాల, ఆళ్ళగడ్డ చుట్టుపక్కల రైతులు విత్తనాలు కొనడమే కాదు, కంపెనీల కోసం విత్తనాలు పండిస్తారు కూడా. సీడ్ పత్తి అంటే ఇక్కడ వేరే చెప్పక్కర్లేదు. విత్తనాల నాణ్యతకు 1966లో కేంద్రం సీడ్స్ యాక్ట్ తెచ్చింది. మొలక శాతం ఇంత ఉండాలి, శుద్ధి ఇంత ఉండాలి అని నియమాలు పెట్టింది. తప్పితే శిక్ష ఎంతో తెలుసా? మొదటిసారి 500 రూపాయల దాకా జరిమానా. మళ్ళీ పట్టుబడితే ఆరు నెలల దాకా జైలు లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఆ జరిమానా కూడా వెళ్ళేది ప్రభుత్వానికి. పంట పోయిన రైతుకు పరిహారం అన్న మాటే ఆ చట్టంలో లేదు.

1986లో వినియోగదారుల చట్టం వచ్చాక రైతులకు ఒక దారి దొరికింది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కర్నూలు, మహబూబ్‌నగర్, గుంటూరు, ఖమ్మం, కాకినాడ జిల్లా ఫోరాల్లో రైతులు కేసులు వేశారు. నంద్యాల, ఆళ్ళగడ్డ అప్పుడు కర్నూలు జిల్లాలోనే ఉన్నాయి, నంద్యాల జిల్లా అయింది 2022 ఏప్రిల్‌లో. ఆ కేసుల్లో ఎదుటి పక్షం ఏదో ఊరూ పేరూ లేని దుకాణం కాదు, 1963లో పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ సీడ్స్ కార్పొరేషన్. జిల్లా ఫోరాలు పరిహారం ఇమ్మన్నాయి. రాష్ట్ర కమిషన్ అదే అంది, జాతీయ కమిషన్ కూడా మార్చలేదు. కార్పొరేషన్ సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2012 జనవరిలో తీర్పు వచ్చింది. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ వర్సెస్ ఎం. మధుసూదన్ రెడ్డి అన్న పేరుతో లా విద్యార్థులు దేశమంతా చదివే తీర్పు ఇది.

కార్పొరేషన్ వాదనల్లో నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించింది ల్యాబ్ పరీక్ష వాదన. చూసి చెప్పలేని లోపం ఉంటే సరుకును ల్యాబ్‌కు పంపి పరీక్ష చేయించాలని వినియోగదారుల చట్టం చెప్తుంది. రైతులు శాంపిల్ ఇవ్వలేదు, పరీక్ష జరగలేదు, కాబట్టి విత్తనంలో లోపం నిరూపణ కాలేదు అన్నది వాళ్ళ మాట. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఒక్క నిమిషం ఆలోచించండి. విత్తనాలన్నీ భూమిలో ఉన్నాయి. ఇవి చెడ్డవని రేపు నిరూపించాల్సి వస్తుందేమో అని ముందే గుప్పెడు దాచిపెట్టుకునే రైతు ఎవరు?

మా భాషలో చెప్పాలంటే, యాప్ క్రాష్ అయినప్పుడు సర్వర్ లాగ్స్ తెచ్చి చూపించు, అప్పుడే నమ్ముతాం అని యూజర్‌ను అడిగినట్టు. లాగ్స్ ఉండేది కంపెనీ దగ్గర కదా. విత్తనాల్లో కూడా అంతే. 1968 నాటి సీడ్స్ రూల్స్ ప్రకారం అమ్మేవాళ్ళు ప్రతి లాట్ రికార్డు మూడేళ్ళు ఉంచాలి, ఆ లాట్ అంతా అమ్ముడుపోయిన తర్వాత కూడా దాని శాంపిల్ ఒక ఏడాది దాచాలి. ఏడాది అంటే ఒక పంట వేసి, పోయి, రైతు ఆఫీసుల చుట్టూ తిరగడానికి సరిపడే కాలం.

సుప్రీంకోర్టు రైతుల వైపే నిలబడింది. పరీక్ష కోసం విత్తనాలు పక్కన పెట్టుకుంటాడని కొనేవాడి నుంచి ఆశించలేం అంది. కావాలంటే కార్పొరేషనే తన దగ్గరి శాంపిల్ పరీక్షకు ఇవ్వమని అడిగి ఉండొచ్చు, అది చెయ్యలేదు. పొలాలు చూసిన వ్యవసాయ నిపుణుల నివేదికలు విత్తనాల లోపాన్నే చూపించాయి, జిల్లా ఫోరాలకు ఆ ఆధారం చాలు అని తేల్చింది.

ఇంకో రెండు వాదనలు కూడా నిలబడలేదు. కార్పొరేషన్ కోసమే విత్తనాలు పండించే రైతులు వ్యాపారం కోసం కొన్నారు కాబట్టి వినియోగదారులు కారు అన్నారు. ఫౌండేషన్ విత్తనం ఇచ్చేది, పండింది తిరిగి తీసుకునేది కార్పొరేషనే అయినప్పుడు రైతు బజార్లో వ్యాపారం చేసినట్టు ఎలా అవుతుంది అని కోర్టు ఒప్పుకోలేదు. ఒప్పందంలో మధ్యవర్తిత్వం, అంటే ఆర్బిట్రేషన్ క్లాజు ఉంది కాబట్టి ఫోరానికి రాకూడదు అన్నారు. వినియోగదారుల చట్టం అదనంగా ఇచ్చిన దారి, ఆ క్లాజు దాన్ని మూసెయ్యలేదు అంది కోర్టు. ఏ క్లాజు రాసుకున్నా అదే ఆఖరు మాట అనుకునే మా సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఈ భాగం రెండుసార్లు చదవాలి.

అంతా బాగుపడిపోయిందా అంటే, లేదు. ప్రైవేటు సీడ్ సాగులో కంపెనీకీ రైతుకూ మధ్య ఆర్గనైజర్ ఉంటాడు. చాలాసార్లు కంపెనీ కాగితం ఆర్గనైజర్‌తోనే, రైతుతో ఉండేది నోటి మాట. ఒప్పందంలో లేనివాడు దాని మీద దావా వెయ్యలేడు అన్న ప్రివిటీ సూత్రం అప్పుడు రైతుకే అడ్డం వస్తుంది. ఆర్గనైజర్ కంపెనీ తరఫు మనిషి, అంటే ఏజెంట్, అని చూపించగలిగితేనే దారి తెరుచుకుంటుంది. మీ పుస్తకంలో ఏజెన్సీ అధ్యాయం ఎందుకుందో ఇక్కడ అర్థమవుతుంది. సీడ్స్ యాక్ట్ మార్చాలని 2004లో రాజ్యసభలో బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు.

వినియోగదారుల చట్టం మాత్రం 2019లో కొత్తగా వచ్చి 2020 జులైలో అమలైంది. ఫోరాలు ఇప్పుడు జిల్లా కమిషన్లు. మీరుండే చోటే కేసు వెయ్యొచ్చు, రెండేళ్ళ లోపు వెయ్యాలి, 5 లక్షల దాకా ఫీజు లేదు. ల్యాబ్ పరీక్ష నియమం కొత్త చట్టంలోనూ ఉంది, అందుకే 2012 తీర్పు ఇప్పటికీ పనికొస్తుంది.

మీలో ఎవరింట్లోనైనా వ్యవసాయం ఉంటే, ఈసారి నాన్నగారు విత్తనాలు తెచ్చినప్పుడు బిల్లు మీద లాట్ నెంబరు ఉందో లేదో చూడండి. లేకపోతే దుకాణంలో రాయించండి. ప్యాకెట్‌కు కుట్టిన ట్యాగ్ ఫోటో తీసి పెట్టుకోండి, ఖాళీ ప్యాకెట్ పారెయ్యకండి. ట్యాగ్ నీలం రంగులో ఉంటే సర్టిఫికేషన్ సంస్థ పరీక్షించిన విత్తనం. పచ్చగా ఉంటే, ఇందులో ఉన్నది ఇదీ అని కంపెనీ తనంతట తాను రాసిచ్చిన మాట.