భాగం - 14: అంతర్జాతీయ అభివృద్ధి సంస్థలలో వ్యక్తిగత కాంట్రాక్టు నియామకాలు - చారిత్రక పరిశీలన

14.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• అంతర్జాతీయ సివిల్ సర్వీసు అనే భావన ఎలా రూపొందిందో వివరించగలుగుతారు.
• సాంకేతిక సహాయ కార్యక్రమాల ద్వారా నిపుణుల నియామకం ఎలా మొదలైందో చెప్పగలుగుతారు.
• శాశ్వత ఉద్యోగుల స్థానంలో వ్యక్తిగత కాంట్రాక్టర్లు పెరగడానికి గల కారణాలను విశ్లేషించగలుగుతారు.
• ఉద్యోగికి, కాంట్రాక్టరుకు హక్కుల విషయంలో గల తేడాను గుర్తించగలుగుతారు.

14.1 పరిచయం

ఐక్యరాజ్య సమితి అనగానే మనకు సాధారణ సభ, భద్రతా మండలి, వాటి తీర్మానాలు గుర్తుకొస్తాయి. కానీ ఆ తీర్మానాలను ఊళ్లలో, పొలాల్లో, ఆసుపత్రుల్లో అమలు చేసేది మనుషులు. ఆ మనుషులను సంస్థ ఏ షరతులపై పనిలో పెట్టుకుంది? వారిలో ఎవరికి జీతం ఇచ్చింది, ఎవరికి ఫీజు ఇచ్చింది? ఎవరికి న్యాయస్థానం తలుపు తెరిచింది, ఎవరికి తెరవలేదు? ఈ ప్రశ్నలకు సమాధానం వెతకడమే ఈ పాఠం ఉద్దేశం.

ఈ పాఠం చదివే మీలో చాలామంది ఎక్కడో ఒకచోట పనిచేస్తూ చదువుకుంటున్నవారే. కొందరు అవుట్‌సోర్సింగ్ ఉద్యోగులు, కొందరు కాంట్రాక్టు అధ్యాపకులు, కొందరు ఎన్.ఎం.ఆర్.లుగా చేరినవారు కావచ్చు. కాబట్టి న్యూయార్కు, జెనీవాలలో మొదలైన ఈ చరిత్ర మీకు మరీ కొత్తగా అనిపించదు.

14.2 అంతర్జాతీయ సివిల్ సర్వీసు

మొదటి ప్రపంచ యుద్ధం తరవాత ఏర్పడిన నానాజాతి సమితికి సర్ ఎరిక్ డ్రమ్మండ్ మొదటి ప్రధాన కార్యదర్శి. సమితి సచివాలయ సిబ్బంది తమ తమ ప్రభుత్వాలకు కాక, సమితికే విధేయులుగా ఉండాలన్నది ఆయన నెలకొల్పిన సంప్రదాయం. అలాంటి సిబ్బంది దొరకాలంటే జీతం బాగుండాలి. 1921లో నోబుల్‌మేర్ కమిటీ ఈ విషయం పరిశీలించింది. ప్రపంచంలో అత్యధిక జీతాలిచ్చే జాతీయ సివిల్ సర్వీసుతో సమానంగా అంతర్జాతీయ అధికారుల జీతాలు ఉండాలన్న సూత్రం ఆ కమిటీ పేరుతోనే నిలిచిపోయింది. స్థానికంగా నియమించే సిబ్బందికి ఆ ఊళ్లో ఉన్న మంచి జీతాలతో సమానంగా ఇవ్వాలన్న ఫ్లెమింగ్ సూత్రం 1949లో వచ్చింది.

ఐక్యరాజ్య సమితి ఛార్టర్ ఈ భావనకు చట్టబద్ధత కల్పించింది. 100వ అధికరణం ప్రకారం సిబ్బంది ఏ ప్రభుత్వం నుంచీ ఆదేశాలు తీసుకోరాదు. 101వ అధికరణం ప్రకారం నియామకంలో సామర్థ్యం, యోగ్యత, నిజాయితీలే ప్రధానం. వీలైనంత విస్తృతంగా వివిధ ప్రాంతాల నుంచి సిబ్బందిని తీసుకోవడానికి కూడా తగిన ప్రాధాన్యం ఇవ్వాలి.

సిబ్బందికి న్యాయ రక్షణ కూడా లభించింది. 1949లో సాధారణ సభ పరిపాలనా ట్రిబ్యునల్‌ను ఏర్పాటు చేసింది. అమెరికాలో కమ్యూనిస్టు వ్యతిరేకత తీవ్రంగా ఉన్న రోజుల్లో ప్రధాన కార్యదర్శి ట్రిగ్వే లీ కొందరు అమెరికన్ ఉద్యోగులను తొలగించారు. వారిలో 11 మందికి నష్టపరిహారం చెల్లించాలని 1953లో ట్రిబ్యునల్ తీర్పు చెప్పింది. చెల్లించడానికి అమెరికా అభ్యంతరం తెలిపింది. విషయం అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది. ట్రిబ్యునల్ తీర్పును అమలు చేయకుండా నిరాకరించే హక్కు సాధారణ సభకు లేదని ఆ న్యాయస్థానం 1954 జూలై 13న అభిప్రాయపడింది. అంటే, ప్రపంచంలోకెల్లా బలమైన దేశం కాదన్నా ఉద్యోగి హక్కు నిలిచింది. ఈ ఉదాహరణను గుర్తుంచుకోండి. తరవాత చెప్పబోయే విషయానికి ఇదే గీటురాయి.

14.3 నిపుణుల యుగం (1949-1965)

1949 జనవరి 20న అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ తన ప్రమాణ స్వీకార ప్రసంగంలోని నాలుగో అంశంగా, వెనుకబడిన దేశాలకు సాంకేతిక పరిజ్ఞానం అందించాలని ప్రతిపాదించాడు. అదే సంవత్సరం ఆర్థిక, సామాజిక మండలి విస్తృత సాంకేతిక సహాయ కార్యక్రమానికి రూపకల్పన చేసింది. 1950 జూన్‌లో జరిగిన సమావేశంలో 54 దేశాలు కలిసి సుమారు 2 కోట్ల డాలర్లు ఇస్తామని వాగ్దానం చేశాయి.

ఇక్కడ 'వాగ్దానం' అనే మాట ముఖ్యమైనది. ఐక్యరాజ్య సమితి సాధారణ బడ్జెట్‌కు సభ్యదేశాలు తమ వాటా తప్పనిసరిగా చెల్లించాలి. అభివృద్ధి కార్యక్రమాలకు ఇచ్చేది మాత్రం స్వచ్ఛంద విరాళం. ఈ ఏడు ఇచ్చిన దేశం వచ్చే ఏడు ఇవ్వకపోవచ్చు. నిధి ఎంతకాలమో తెలియనప్పుడు ఉద్యోగం కూడా అంతే కాలానికి పరిమితమవుతుంది. వ్యక్తిగత కాంట్రాక్టు వ్యవస్థకు మూలం ఇక్కడే ఉందని చెప్పవచ్చు.

ఆ తొలి దశలో ప్రాజెక్టులకు వెళ్లిన నిపుణులు చాలావరకు నిర్ణీత కాలానికి నియమితులైన సిబ్బందే. వారికి సిబ్బంది నియమావళిలో ప్రాజెక్టు ఉద్యోగుల కోసం వేరే నియమాలు ఉండేవి. వ్యవసాయం, మలేరియా నిర్మూలన, గణాంకాలు, వృత్తి శిక్షణ వంటి రంగాల్లో వారు సలహాలిచ్చేవారు. భారతదేశం ఈ నిపుణుల సేవలు అందుకున్న దేశమే కాక, ఇతర దేశాలకు నిపుణులను పంపిన దేశం కూడా.

సలహా ఒక్కటే చాలదని కొత్తగా స్వాతంత్ర్యం పొందిన దేశాల అనుభవం తెలిపింది. సలహాను అమలు చేసే అధికారులే అక్కడ తక్కువ. అందువల్ల ప్రధాన కార్యదర్శి డాగ్ హామర్‌షెల్డ్ ప్రతిపాదన మేరకు 1958లో మరో పథకం మొదలైంది. ఈ పథకం కింద వెళ్లినవారు ఆతిథ్య దేశ ప్రభుత్వంలోనే అధికారులుగా పనిచేసేవారు. ఆ ప్రభుత్వం స్థానిక స్థాయి జీతం ఇస్తే, మిగిలిన మొత్తాన్ని ఐక్యరాజ్య సమితి భర్తీ చేసేది.

1958లో సాధారణ సభ ఏర్పాటు చేసిన ప్రత్యేక నిధినీ, సాంకేతిక సహాయ కార్యక్రమాన్నీ కలిపి 1965లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమాన్ని నెలకొల్పారు. ఇది 1966 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. దీనినే సంక్షిప్తంగా యు.ఎన్.డి.పి. అంటారు.

14.4 మార్పుకు దారితీసిన కారణాలు

ఈ సంస్థలలో ఉద్యోగి కాని మనిషి క్రమంగా ఎలా పెరిగాడు? దీనికి నాలుగు కారణాలు చెప్పవచ్చు.

(అ) నిధుల స్వభావం: పైన చెప్పినట్లు నిధులు స్వచ్ఛందమైనవి. కాలక్రమంలో దాతలు సంస్థకు మొత్తంగా ఇవ్వడం తగ్గించి, ఫలానా ప్రాజెక్టుకే అని గుర్తుపెట్టి ఇవ్వడం పెరిగింది. ప్రాజెక్టు ముగిస్తే డబ్బు ముగిసినట్లే.

(ఆ) విమర్శలు: 1969లో సర్ రాబర్ట్ జాక్సన్ సమర్పించిన నివేదిక అభివృద్ధి వ్యవస్థ నెమ్మదిగా, సమన్వయం లేకుండా నడుస్తున్నదని తీవ్రంగా విమర్శించింది. త్వరగా, తక్కువ లాంఛనాలతో మనుషులను తీసుకోవలసిన అవసరం అందరికీ కనిపించింది.

(ఇ) జాతీయ నిపుణుల ప్రాధాన్యం: వర్ధమాన దేశాల్లో విశ్వవిద్యాలయాలు పెరిగాయి. విదేశీ నిపుణుడికి బదులు స్వదేశీ నిపుణుడు ఎందుకు కాకూడదన్న ప్రశ్న సహజంగానే వచ్చింది. విదేశాల్లో స్థిరపడిన నిపుణులను కొంతకాలం స్వదేశానికి రప్పించే పథకం 1977లో టర్కీతో మొదలైంది. ప్రాజెక్టులను ఆయా దేశాలే అమలు చేయాలన్న విధానాన్ని 1989లో సాధారణ సభ గట్టిగా సమర్థించింది. ఇది ఆత్మగౌరవానికి సంబంధించిన మంచి మార్పు. అయితే వారిని తీసుకున్న పద్ధతి చాలాసార్లు ఉద్యోగం కాదు, ఒప్పందం.

(ఈ) పోస్టులపై పరిమితి: బడ్జెట్ పెరగరాదని పెద్ద దాతలు పట్టుబట్టారు. కొత్త పోస్టు కావాలంటే పాలక మండలి ఆమోదం కావాలి. కాంట్రాక్టరుకు పోస్టు అక్కరలేదు, ప్రాజెక్టు ఖర్చులో పద్దు ఉంటే చాలు. మన కార్యాలయాల్లో ఖాళీలు భర్తీ చేయకుండా అవుట్‌సోర్సింగ్‌తో పని నడిపించే తీరుకు ఇది దగ్గరి చుట్టమే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1
1) నోబుల్‌మేర్ సూత్రం అంటే ఏమిటి?
2) స్వచ్ఛంద విరాళాలకు, కాంట్రాక్టు నియామకాలకు గల సంబంధం ఏమిటి?

14.5 నియామక విధానం

ఐక్యరాజ్య సమితి సచివాలయం 1999లో సలహాదారుల, వ్యక్తిగత కాంట్రాక్టర్ల నియామకంపై ఒక పరిపాలనా ఉత్తర్వు జారీ చేసింది. దాని స్థానంలో 2013లో మరో ఉత్తర్వు వచ్చింది. దీని ప్రకారం ఈ రెండు వర్గాలూ ఒకటి కావు. తన రంగంలో గుర్తింపు పొంది, సలహా ఇచ్చే హోదాలో పనిచేసే వ్యక్తి సలహాదారు. ఒక నిర్దిష్టమైన పనిని తన నైపుణ్యంతో పూర్తి చేసి, అన్నీ కలిపిన ఫీజు తీసుకునే వ్యక్తి వ్యక్తిగత కాంట్రాక్టరు. సలహాదారు సేవలను ఏ 36 నెలల్లోనైనా 24 నెలలకు మించి వాడుకోరాదు. వ్యక్తిగత కాంట్రాక్టరు ఏ 12 నెలల్లోనైనా 6 నెలలు, ప్రత్యేక పరిస్థితుల్లో 9 నెలలు మాత్రమే పనిచేయాలి. తాత్కాలిక పని తాత్కాలికంగానే ఉండాలన్నది ఈ పరిమితుల ఉద్దేశం.

యు.ఎన్.డి.పి. వంటి సంస్థలకు సొంత నియమాలున్నాయి. సాధారణంగా నియామకం ఈ వరుసలో జరుగుతుంది. మొదట చేయవలసిన పని, గడువు, అందించవలసిన ఫలితాలు, కావలసిన అర్హతలు వివరించే పత్రం తయారవుతుంది. తరవాత ప్రకటన వెలువడుతుంది. అభ్యర్థి తన అర్హతలతోపాటు తాను కోరే మొత్తాన్ని కూడా రాసి పంపుతాడు. అర్హతలకు కొన్ని మార్కులు, ధరకు కొన్ని మార్కులు వేస్తారు. 70, 30 నిష్పత్తి తరచుగా కనిపిస్తుంది. ఒప్పందం కుదిరాక, అప్పగించిన ఫలితాలను సంస్థ ఆమోదించిన మేరకు డబ్బు చెల్లిస్తారు.

ఈ వరుసను జాగ్రత్తగా చూడండి. ఇందులో సగం ఉద్యోగ నియామకం, సగం టెండరు. మనిషి తన శ్రమకు తానే ధర వేసి పోటీపడుతున్నాడు. నోబుల్‌మేర్ సూత్రం అతని దాకా రాదు.

14.6 హక్కులు, రక్షణలు

1946లో ఆమోదించిన విశేషాధికారాలు, మినహాయింపుల ఒడంబడికలో అధికారులకు ఒక భాగం, సమితి పనిపై వెళ్లే నిపుణులకు మరొక భాగం ఉన్నాయి. భారతదేశం ఈ ఒడంబడికను అమలు చేయడానికి 1947లోనే చట్టం చేసింది. అధికారులకు సమితి ఇచ్చే జీతంపై పన్ను మినహాయింపు ఉంది. నిపుణులకు సంబంధించిన 22వ సెక్షన్‌లో అలాంటి మినహాయింపు లేదు. అయితే ఆ సెక్షన్ ఇచ్చే రక్షణ చిన్నదేమీ కాదు. రుమేనియాకు చెందిన దుమిత్రు మజిలు మానవ హక్కులపై నివేదిక రాసే బాధ్యత తీసుకుంటే, ఆయన ప్రభుత్వం ఆయనను దేశం దాటనివ్వలేదు. అధికారి కాకపోయినా ఆయనకు ఈ రక్షణ వర్తిస్తుందని 1989 డిసెంబర్ 15న అంతర్జాతీయ న్యాయస్థానం స్పష్టం చేసింది.

కానీ సంస్థే తనకు అన్యాయం చేస్తే కాంట్రాక్టరు ఎవరితో చెప్పుకోవాలి? సంస్థకు న్యాయ మినహాయింపు ఉంది కాబట్టి దేశీయ కోర్టులు సాధారణంగా వినవు. సిబ్బంది కాదు కాబట్టి ట్రిబ్యునల్ వినదు. ఒప్పందం ప్రకారం మిగిలేది మధ్యవర్తిత్వం. అంతర్జాతీయ మధ్యవర్తిత్వానికయ్యే ఖర్చు చిన్న కాంట్రాక్టరుకు రావలసిన మొత్తాన్ని మించిపోవచ్చు. సమితి న్యాయవ్యవస్థను సంస్కరించడానికి నియమించిన నిపుణుల బృందం 2006లో, సిబ్బంది కానివారికి కూడా కొత్త వ్యవస్థ అందుబాటులో ఉండాలని సిఫారసు చేసింది. సభ్యదేశాలు దానిని అంగీకరించలేదు. 2009 జూలై 1న మొదలైన వివాద ట్రిబ్యునల్ సిబ్బందికే పరిమితమైంది. 1954లో 11 మంది ఉద్యోగులను కాపాడిన గోడకు ఇవతల వీరు నిలబడిపోయారు.

14.7 ఒక నివేదిక, ఒక అనుభవం

సమితి వ్యవస్థలోని సంయుక్త తనిఖీ విభాగం 2014లో ఒక నివేదిక వెలువరించింది. సమితి సంస్థల మొత్తం పనివారిలో 45 శాతానికి పైగా సిబ్బంది కానివారేనని అది తెలిపింది. చాలామంది పేరుకు కాంట్రాక్టర్లయినా, ఏళ్ల తరబడి సిబ్బంది చేసే పనినే చేస్తున్నారని కూడా పేర్కొంది. ఒప్పందానికి ఏ పేరు పెట్టినా, వాస్తవంలో యజమాని-ఉద్యోగి సంబంధం ఉందా అన్నదే చూడాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2006లో చేసిన సిఫారసు సారాంశం. కార్మిక ప్రమాణాలను లోకానికి బోధించే వ్యవస్థకే ఆ ప్రమాణం ఎదురు ప్రశ్న అయింది.

ఈ సందర్భంలో నా అనుభవం ఒకటి చెప్పడం అసందర్భం కాదనుకుంటాను. చాలా ఏళ్ల కిందట విశ్వవిద్యాలయం అనుమతితో ఒక అంతర్జాతీయ సంస్థకు అనంతపురం జిల్లా కరువుపై 40 రోజుల కాంట్రాక్టు పని చేశాను. మండుటెండలో ఊరూరా తిరిగి ఇంటింటి వివరాలు రాసుకొచ్చిన పరిశోధక విద్యార్థికి కూడా సంస్థతో విడిగా చిన్న ఒప్పందం ఉండేది. నివేదిక ఆమోదం ఆలస్యమైంది. డబ్బు అయిదు నెలలకు వచ్చింది. నాకు ప్రతినెలా జీతం ఉంది కనుక ఆ ఆలస్యం నాకు ఒక ఫిర్యాదు మాత్రమే. అతనికి అది గది అద్దె. "మాష్టారూ, ఎవరికి రాయమంటారు?" అని అడిగాడు. ఒప్పందం కాగితం తిరగేసి చూశాను. ఎవరికి రాయాలో నాకూ తెలియలేదు. అప్పటి వరకూ ఆ కాగితాన్ని నేను పూర్తిగా చదవలేదన్న సంగతి కూడా అప్పుడే తెలిసింది.

మన దేశంలోనూ ఈ సమస్య ఉంది. సరైన ఎంపిక విధానం లేకుండా తాత్కాలికంగా చేరినవారు క్రమబద్ధీకరణను హక్కుగా కోరలేరని 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అదే పని చేసే తాత్కాలిక ఉద్యోగులకు సమాన వేతన సూత్రం వర్తిస్తుందని 2016లో జగ్‌జీత్ సింగ్ కేసులో చెప్పింది. ఆ తీర్పుల మంచిచెడ్డలు ఎలా ఉన్నా, వాదించుకోవడానికి ఇక్కడ ఒక కోర్టు ఉంది. అంతర్జాతీయ కాంట్రాక్టరుకు లోటు అదే.

అయితే వ్యక్తిగత కాంట్రాక్టు అంతా చెడు అనుకోవడం చారిత్రక దృష్టి కాదు. మూడు నెలల్లో పూర్తయ్యే భూగర్భ జలాల సర్వేకు శాశ్వత ఉద్యోగి అక్కరలేదు. పనికీ ఒప్పందానికీ పొంతన ఉన్నంతవరకు అది సక్రమమైన పద్ధతే. పని శాశ్వతమై, ఒప్పందం తాత్కాలికమైనప్పుడే సమస్య మొదలవుతుంది.

14.8 సారాంశం

నానాజాతి సమితి కాలంలో రూపొందిన అంతర్జాతీయ సివిల్ సర్వీసు భావన స్వతంత్రతను, మంచి జీతాన్ని, న్యాయ రక్షణను కలిపి చూసింది. 1949 తరవాత అభివృద్ధి కార్యక్రమాలు స్వచ్ఛంద విరాళాలపై ఆధారపడటంతో స్వల్పకాలిక నియామకాలు పెరిగాయి. జాతీయ నిపుణుల ప్రాధాన్యం, పోస్టులపై పరిమితి ఈ ధోరణిని బలపరిచాయి. 2014 నాటికి పనివారిలో దాదాపు సగం మంది సిబ్బంది హోదా లేనివారే. వారికి న్యాయం పొందే మార్గం ఇప్పటికీ ఇరుకుగానే ఉంది. మీరు రేపు ఏ సంస్థలో ఏ కాగితం మీద సంతకం చేసినా, జీతం అంకెతోపాటు వివాదం వస్తే ఎవరు తీర్చాలో రాసిన వాక్యాన్ని కూడా చదవండి.

14.9 కీలక పదాలు

సలహాదారు: గుర్తింపు పొందిన నిపుణుడిగా సలహా ఇచ్చే, సిబ్బంది కాని వ్యక్తి.
వ్యక్తిగత కాంట్రాక్టరు: నిర్దిష్ట పనిని ఫీజుకు చేసే, సిబ్బంది కాని వ్యక్తి.
మధ్యవర్తిత్వం: కోర్టు బయట, ఇరుపక్షాలు ఒప్పుకున్న వ్యక్తి ద్వారా వివాదాన్ని తీర్చుకొనే పద్ధతి.

14.10 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1) అంతర్జాతీయ అభివృద్ధి సంస్థలలో వ్యక్తిగత కాంట్రాక్టు నియామకాలు పెరగడానికి గల కారణాలను విశ్లేషించండి.
2) సిబ్బందికి, వ్యక్తిగత కాంట్రాక్టర్లకు గల న్యాయ రక్షణలను పోల్చి వివరించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1) 1954 నాటి అంతర్జాతీయ న్యాయస్థాన అభిప్రాయం ప్రాధాన్యం
2) విస్తృత సాంకేతిక సహాయ కార్యక్రమం
3) మీకు తెలిసిన కార్యాలయంలో ఒక కాంట్రాక్టు ఉద్యోగి పనిని, అతని ఒప్పందాన్ని పరిశీలించి, రెండింటికీ పొంతన ఉందేమో రాయండి.