క్రెయిగ్ మెక్‌లీన్: ట్రాక్ సైక్లిస్టు, టాండెం పైలట్

క్రెయిగ్ మెక్‌లీన్ (జననం: 31 జులై 1971) స్కాట్లండ్‌కు చెందిన ట్రాక్ సైక్లిస్టు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో రజతం, 2012 లండన్ పారాలింపిక్స్‌లో స్వర్ణం గెలిచాడు. మొదటి పతకం జట్టు స్ప్రింట్‌లో వచ్చింది. రెండోది దృష్టిలోపం ఉన్న ఆంథొనీ కాప్స్‌తో కలిసి, టాండెం సైకిల్‌కు పైలట్‌గా సాధించినది.

మన ఊళ్లలో డబుల్స్ అంటే ఒకరు తొక్కుతారు, ఇంకొకరు వెనక క్యారియర్ మీద కూర్చుంటారు. టాండెం అలా కాదు. ముందు కూర్చునే పైలట్, వెనక కూర్చునే స్టోకర్ ఇద్దరూ తొక్కాలి. రెండు జతల పెడల్స్‌నూ ఒకే గొలుసు కలుపుతుంది కాబట్టి ఒకరి కాళ్లు తిరిగినంత వేగంగానే రెండోవారి కాళ్లూ తిరుగుతాయి. ట్రాక్ సైకిల్‌కు బ్రేకులుండవు, తొక్కకుండా ఊరికే దొర్లిపోనిచ్చే వీలూ లేదు. హ్యాండిల్ పైలట్ చేతిలో ఉంటుంది. ఏటవాలు మలుపులో ఎంత ఎత్తున పోవాలో, ప్రత్యర్థిని ఎప్పుడు దాటాలో తేల్చుకోవాల్సింది అతనే. స్ప్రింట్‌లో వేగం గంటకు 70 కిలోమీటర్లు దాటుతుంది. రెండు ఒళ్ల బరువు మోస్తున్న పొడవాటి బండిని ఆ వేగంలో వంచి తిప్పడం ఒంటరి సైకిల్ అలవాటుతో వచ్చే పని కాదు.

టాండెం పందెం అంధుల కోసం పుట్టిందేమీ కాదు. 1908లోనూ, మళ్లీ 1920 నుంచి 1972 వరకూ చూపున్న ఇద్దరు తొక్కే టాండెం స్ప్రింట్ ఒలింపిక్స్‌లో ఉండేది. ప్రపంచ ఛాంపియన్‌షిప్స్‌లో 1994 దాకా సాగింది. అక్కడ కనుమరుగైన బండి దృష్టిలోపం ఉన్నవారి పోటీల్లో నిలబడింది. పారాలింపిక్స్‌లో ట్రాక్ సైక్లింగ్ 1996 అట్లాంటాలో మొదలైంది.

మెక్‌లీన్ గ్రాన్‌టౌన్ ఆన్ స్పే అనే చిన్న పట్టణంలో పుట్టాడు. సిటీ ఆఫ్ ఎడిన్‌బరో రేసింగ్ క్లబ్‌లో అతని కన్నా అయిదేళ్లు చిన్నవాడైన క్రిస్ హోయ్ సహచరుడు. 1970 కామన్‌వెల్త్ క్రీడల కోసం కట్టిన మెడోబ్యాంక్ వెలోడ్రోమ్ వాళ్ల సాధన స్థలం. దానికి పైకప్పు లేదు. వాన పడితే చెక్క ట్రాక్ తడిసి సాధన ఆగిపోయేది.

జట్టు స్ప్రింట్‌లో ముగ్గురు బయల్దేరి ఒక్కో చుట్టుకు ఒక్కొక్కరు తప్పుకుంటారు. మొదటివాడు కదలని బండిని కొన్ని క్షణాల్లో పూర్తి వేగానికి తేవాలి. సిడ్నీలో ఆ స్థానం మెక్‌లీన్‌ది. అతని వెనక హోయ్, జేసన్ క్వీలీ. ఫ్రాన్స్ చేతిలో ఓడి రజతంతో సరిపెట్టుకున్నారు. 2002లో డెన్మార్క్‌లో హోయ్, జేమీ స్టాఫ్‌లతో ప్రపంచ విజేత అయ్యాడు. 2004 ఏథెన్స్‌లో పతకం దక్కలేదు. 2006 మెల్‌బోర్న్ కామన్‌వెల్త్ క్రీడల్లో స్కాట్లండ్‌కు జట్టు స్ప్రింట్ స్వర్ణం, అదే ఏడాది ప్రపంచ ఛాంపియన్‌షిప్స్ వ్యక్తిగత స్ప్రింట్‌లో రజతం. 2008 బీజింగ్ ఒలింపిక్స్ జట్టులో మాత్రం చోటు దొరకలేదు. 37వ ఏట స్ప్రింటర్‌కు అది సాధారణంగా ముగింపు.

అక్కడి నుంచి టాండెంకు మారడాన్ని కొందరు రెండో జీవితమంటారు. నిజానికి అది పాత విద్యకే కొత్త కొలువు. ఇద్దరు కూర్చున్న బండిని నిలిచిన చోటి నుంచి లాగడానికి కావలసింది సిడ్నీలో అతను చేసిన పనే.

లండన్‌లో కిలోమీటరు టైమ్ ట్రయల్ మెక్‌లీన్, కాప్స్‌లకు చేదుగా ముగిసింది. సైకిల్ రెండుసార్లు మొరాయించడంతో పందెం పూర్తి చేయనేలేదు. ఆ పందెంలో దృష్టిలోపం ఉన్న నీల్ ఫాచీ, అతని పైలట్ బార్నీ స్టోరీ 1 నిమిషం 1.351 సెకన్లలో ప్రపంచ రికార్డుతో స్వర్ణం అందుకున్నారు. అంటే సగటున గంటకు 58 కిలోమీటర్ల పైమాటే. తర్వాత స్ప్రింట్ ఫైనల్లో అదే జోడీని మెక్‌లీన్, కాప్స్ ఓడించారు. పైలట్ మెడలోనూ పతకం పడుతుంది. అతన్ని సహాయకుడిగా కాక క్రీడాకారుడిగా లెక్కించడం న్యాయమే. 2016 రియో కార్యక్రమం నుంచి టాండెం స్ప్రింట్‌ను తీసేశారు.

2014 గ్లాస్గో కామన్‌వెల్త్ క్రీడల్లో తొలిసారి పారా ట్రాక్ పోటీలు పెట్టినప్పుడు మెక్‌లీన్ స్టోకర్ ఎవరో కాదు, లండన్ ప్రత్యర్థి ఫాచీ. రెటినైటిస్ పిగ్మెంటోసా వల్ల చూపు దెబ్బతిన్న ఫాచీ సైకిల్ ఎక్కకముందు బీజింగ్ పారాలింపిక్స్‌లో పరుగుపందేల్లో పాల్గొన్నాడు. ఇద్దరూ స్ప్రింట్, టైమ్ ట్రయల్ రెండూ గెలిచారు. ఆ పోటీలు జరిగిన గ్లాస్గో వెలోడ్రోమ్‌కు పెట్టిన పేరు మెక్‌లీన్ పాత సహచరుడు క్రిస్ హోయ్‌దే. అప్పటికి మెక్‌లీన్‌కు 42 ఏళ్లు.

మన దగ్గరికి వస్తే, హైదరాబాద్‌లో ట్రాక్ సైక్లింగ్ చిరునామా ఉస్మానియా విశ్వవిద్యాలయ వెలోడ్రోమ్. 2002 జాతీయ క్రీడల కోసం కట్టారు.   పారా క్రీడాకారులకు శిక్షణ ఇచ్చే ఆదిత్య మెహతా ఫౌండేషన్ కూడా ఈ నగరానిదే. ప్రమాదంలో కాలు పోగొట్టుకున్న ఆదిత్య మెహతా 2013 ఆసియా పారా సైక్లింగ్‌లో రెండు రజతాలు సాధించారు. ఆయనది ఒంటరి సైకిల్ తొక్కే 'సి' వర్గం. టాండెం 'బి' వర్గంలోకి వస్తుంది. అందులో పోటీకి దిగాలంటే దృష్టిలోపం ఉన్న క్రీడాకారుడితో పాటు, తన సొంత పందేలు మానుకుని ముందు సీటు ఎక్కే మంచి స్ప్రింటర్ కూడా దొరకాలి.