రేస్‌కోర్స్ రోడ్డులో దిగిన విమానం

సింగపూర్ వచ్చిన మన తెలుగువాళ్ళు లిటిల్ ఇండియా చూడకుండా వెళ్ళరు. శ్రీనివాస పెరుమాళ్ దర్శనం, ముస్తఫాలో షాపింగ్, రేస్‌కోర్స్ రోడ్డులో అరటాకు భోజనం! ఒక్క గుర్రం కూడా కనిపించని ఆ రోడ్డుకి ఆ పేరెందుకు వచ్చిందని అడిగేవాళ్ళు మాత్రం తక్కువ.

పక్కనున్న ఫారర్ పార్క్ మైదానంలో ఒకప్పుడు గుర్రప్పందాలు జరిగేవి. 1911 మార్చి 16న బెల్జియం దేశస్థుడు జోసెఫ్ క్రిస్టియాన్స్ అక్కడినుంచే బ్రిస్టల్ బాక్స్‌కైట్ విమానాన్ని గాలిలోకి లేపాడు. సింగపూర్‌లో ఎగిరిన తొలి విమానం అదే. రన్‌వే లేదు, కంట్రోల్ టవర్ లేదు. చదునైన గడ్డినేల, చుట్టూ చెట్లు లేని జాగా ఉంటే చాలు, ఆ రోజుల్లో అదే ఎయిర్‌పోర్టు!

నాకు బాగా నచ్చిన కథ 1919 నాటిది. ఇంగ్లండ్ నుంచి ఆస్ట్రేలియాకి 10,000 పౌండ్ల బహుమతి కోసం బయలుదేరిన రాస్ స్మిత్ బృందం డిసెంబరు 4న తమ విక్కర్స్ విమీ విమానంతో ఇక్కడికి చేరింది. అంత పెద్ద విమానానికి ఈ మైదానం చాలా చిన్నది. చక్రాలకి బ్రేకులు లేవు. తోక నేలకి ఆనితేనే దాని కింది స్కిడ్ గడ్డిని రాసుకుని వేగం తగ్గుతుంది. అందుకని మెకానిక్ జిమ్ బెన్నెట్ సీటులోంచి లేచి, విమానం వీపు మీదుగా తోకదాకా జారుకుంటూ వెళ్ళి తన బరువుతో దాన్ని దించాడు. మా సాఫ్ట్‌వేర్‌లో చివరి నిమిషంలో వేసే ప్యాచ్‌లు దీని ముందు ఏపాటి?

అంతకు కొద్దిరోజుల ముందు వాళ్ళు రంగూన్‌లో దిగిందీ రేస్‌కోర్సులోనే. మన పెద్దలు "రంగం" అని పిలిచిన ఆ ఊళ్ళో అప్పటికే వేలాదిమంది తెలుగు కూలీలు రేవుల్లో, బియ్యం మిల్లుల్లో పనిచేస్తున్నారు. వాళ్ళకి తెలిసిన ప్రయాణం కాకినాడ, విశాఖల నుంచి ఓడ ప్రయాణమే.

1930లో ఒంటరిగా ఆస్ట్రేలియాకి ఎగిరిన ఏమీ జాన్సన్ ఇక్కడ కాక, కొత్తగా వచ్చిన సెలెతార్‌లో దిగింది. 1933లో గుర్రాలు బుకిట్ తిమాకి మారాయి. 1937లో కల్లాంగ్, 1955లో పాయ లేబార్, 1981లో చాంగీ వచ్చాయి. సెలెతార్ మాత్రం సుమారు 1,800 మీటర్ల రన్‌వేతో ప్రైవేటు జెట్లకీ, విమానాల మరమ్మతులకీ నిలిచింది. 2018లో కొత్త టెర్మినల్ కూడా కట్టారు.

ఫారర్ పార్క్ మైదానంలో సుమారు 1,600 ఫ్లాట్లు కడతామని 2022లో ప్రభుత్వం ప్రకటించింది. ఇళ్ళు కావాల్సిందే, కాదనను. బెన్నెట్ 1922లోనే రాస్ స్మిత్‌తోపాటు విమాన ప్రమాదంలో పోయాడు. ఆ ఫ్లాట్ల మధ్య ఒక చిన్న దారికైనా అతని పేరు పెట్టమని నేనైతే అడుగుతాను.