ప్రొటీన్ పౌడర్ ఒక్కటే కాదు, డబ్బా కూడా చూసి కొందాం

మా కమ్మింగ్‌లో ఏ తెలుగువాళ్ల ఇంట్లో పాంట్రీ తెరిచినా రెండు మూడు పొడి డబ్బాలు కనిపిస్తాయి. పిల్లల ఆటల కోసం వే ప్రొటీన్, ఆఫీసు హడావిడిలో టిఫిన్ బదులు తాగే మీల్ రీప్లేస్‌మెంట్, ఇండియా నుంచి అమ్మ పంపిన రాగి మాల్ట్. ప్రొటీన్ ఎంత, షుగర్ ఎంత అని చూస్తాం కానీ ప్యాకింగ్ గురించి ఎవరం ఆలోచించం. నేనూ అంతే.

పోయిన వేసవిలో మా మామగారు పళ్ల ట్రీట్‌మెంట్ తర్వాత నమలలేక కొన్నాళ్లు ఈ పొడి మీదే ఆధారపడ్డారు. చవకగా వస్తోందని పెద్ద పౌచ్ కొన్నాను. నెల తిరిగేసరికి ఆయన సగం గ్లాసు వదిలేయడం మొదలుపెట్టారు. "ఏం లేదమ్మా, ఆకలి లేదు" అనేవారు. బరువు తగ్గుతుంటే అనుమానమొచ్చి పొడి వాసన చూశాను. పాత నూనె కంపు! పౌచ్ జిప్‌లో పొడి ఇరుక్కుని మూత పడటం లేదు, పైగా దాన్ని పెట్టింది స్టవ్ పక్క కబోర్డులో. కెమిస్ట్రీ చదువుకున్నదాన్ని, ఆ మాత్రం నాకు ముందే తట్టాల్సింది. అప్పటి నుంచి చదివి, చేసి చూసి తెలుసుకున్నవి ఇవి.

పొడిని పాడుచేసేవి ఏమిటి?

తేమ: వే ప్రొటీన్, పాలపొడి, చక్కెర ఉన్న పొడులు గాలిలోని తేమను పీల్చుకుని గడ్డకడతాయి. తేమ బాగా పెరిగితే బూజు పడుతుంది. మన జార్జియా వేసవిలో గాలి ఎంత ఉక్కగా ఉంటుందో తెలిసిందే.

గాలి: ఆక్సిజన్ తగిలితే కొవ్వులు కనరెక్కుతాయి. మామూలు వే ప్రొటీన్‌లో కొవ్వు తక్కువ. మీల్ రీప్లేస్‌మెంట్‌లో నూనెలు కలుపుతారు. మనం ఇంట్లో చేసే పొడిలో బాదం, వేరుశనగ, అవిసెగింజలు ఉంటాయి. కాబట్టి వీటికే మంచి ప్యాకింగ్ ఎక్కువ అవసరం.

వెలుతురు: బి2, ఎ విటమిన్లు వెలుతురుకు దెబ్బతింటాయి.

వేడి: పై మూడింటి పనినీ త్వరపెడుతుంది. పాల ప్రొటీన్, చక్కెర కలిసి ఉన్న పొడి వేడిలో ఎక్కువకాలం ఉంటే రంగు మారి, లైసిన్ అనే అవసరమైన అమైనో ఆమ్లం కొంత తగ్గిపోతుంది.

ఏ ప్యాకింగ్ ఎలాంటిది?

ప్లాస్టిక్ డబ్బా: అడుగున త్రికోణంలో 2 అంకె ఉంటే అది హెచ్‌డీపీఈ. తేమను బాగా ఆపుతుంది కానీ ఆక్సిజన్‌ను అంతగా ఆపలేదు. 1 అంకె ఉంటే పెట్. ఇది ఆక్సిజన్‌ను దానికన్నా మెరుగ్గా, తేమను దానికన్నా తక్కువగా ఆపుతుంది. వాడకానికి మాత్రం డబ్బాయే సుఖం.

అల్యూమినియం రేకు పొర ఉన్న పౌచ్: తేమ, గాలి, వెలుతురు మూడింటినీ బాగా ఆపుతుంది. కానీ ఈ మేలంతా సీల్ తీసేవరకే. తర్వాత అంతా జిప్ మీద ఆధారం.

గాజు సీసా: చిన్నప్పటి హార్లిక్స్ సీసాలు గుర్తున్నాయా? గాజులోంచి తేమగానీ గాలిగానీ దూరవు. మూత బిగుతుగా ఉండాలి, సీసా చీకటి కబోర్డులో ఉండాలి.

స్టీలు డబ్బా: వెలుతురు సమస్య లేదు. కానీ మన మామూలు డబ్బాల మూతలకు రబ్బరు రింగు ఉండదు, అందుకని వారానికి సరిపడా పోసుకోవడానికే మంచిది.

కొనేటప్పుడు

1. మూత కింద రేకు సీలు చెక్కుచెదరకుండా ఉందో లేదో ఇంటికి రాగానే చూడండి. లేకపోతే వాడకుండా తిరిగి ఇచ్చేయండి.

2. డబ్బా సైజు కాదు, గ్రాములు చూడండి. రవాణాలో పొడి కిందకు దిగడం వల్ల పైన కొంత ఖాళీ ఉండటం మామూలే. ధర పోల్చేటప్పుడు ప్రొటీన్ గ్రాముకు ఎంత పడుతోందో లెక్కేయండి. 30 గ్రాముల పొడిలో 24 గ్రాముల ప్రొటీన్ ఉన్నదీ, 15 గ్రాములు ఉన్నదీ ఒకటి కావు.

3. వాడకాన్ని బట్టి సైజు. 5 పౌండ్లంటే సుమారు 2,270 గ్రాములు. రోజుకు 30 గ్రాములు తాగే ఒక్కరికి అది 75 రోజులు వస్తుంది. అంతకాలం తెరుస్తూ మూస్తూ ఉండటంకన్నా చిన్నది నయం. తెలంగాణ అంగన్‌వాడీల్లో పసిపిల్లలకిచ్చే బాలామృతం చూడండి. 2.5 కిలోల ప్యాకెట్, రోజుకు 100 గ్రాములు. నెలలోపే అయిపోతుంది. ఇంట్లోనూ ఈ లెక్క పాటించవచ్చు.

4. అమెరికాలో ఎలర్జీ కారకాలుగా లేబుల్ మీద చెప్పాల్సినవి తొమ్మిది: పాలు, గుడ్లు, చేపలు, రొయ్యలు పీతల వంటివి, బాదం జీడిపప్పు వంటి నట్స్, వేరుశనగ, గోధుమ, సోయా, నువ్వులు. నువ్వులు 2023 జనవరి 1 నుంచి చేరాయి.

ఇంటికొచ్చాక

పెద్ద ప్యాకెట్ తెరిచిన రోజే రెండు వారాలకు సరిపడా చిన్న సీసాలోకి తీసి, మిగతాదాన్ని గాలి తీసి గట్టిగా మూసేయండి. జిప్‌లో ఇరుక్కున్న పొడిని పొడిబట్టతో తుడిచాకే మూయండి. తడి చెంచా వద్దు, ఆవిరి వస్తున్న గిన్నె మీద డబ్బా తెరవద్దు. ఫ్రిజ్‌లో పెడితే బయటికి తీసి, చల్లదనం పోయాకే మూత తీయండి. లేకపోతే గాలిలోని తేమ పొడి మీద నీరుగా దిగుతుంది.

తేమ పీల్చే సిలికా జెల్ సంచిని డబ్బాలోనే ఉంచవచ్చు, పిల్లలకు మాత్రం అందనివ్వకండి. ఆక్సిజన్ పీల్చే సంచులు వేరు. అవి నెలల తరబడి తెరవని ప్యాకెట్లకే. సరిగా ఆరని పొడిలో వాటిని అసలు వేయకండి. గాలి లేని తేమలో ప్రాణాంతకమైన బాట్యులిజం క్రిములు పెరగవచ్చు.

ఇండియా నుంచి తెచ్చేటప్పుడు

2018 జూన్ 30 నుంచి అమెరికా వచ్చే విమానాల్లో చేతి సామానులో 350 మిల్లీలీటర్లు మించిన పొడి ఉంటే ప్రత్యేకంగా తనిఖీ చేయవచ్చు. అమ్మావాళ్లకు చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టమని చెప్పండి. ఏ తిండి పదార్థమైనా కస్టమ్స్ ఫారంలో చెప్పి తీరాలి. పేరు లేని కవరుకన్నా దినుసులు రాసి ఉన్న సీలు ప్యాకెట్‌తో ప్రశ్నలు తక్కువ. పాలపొడి కలిసిన వాటికి ఆంక్షలున్నాయి, ముందే కనుక్కోండి.

ఇంట్లో చేసి పంచుకున్నా, అమ్మినా

మనలో చాలామంది రాగి, సజ్జ, పప్పులు వేయించి పొడి చేసి నలుగురికీ పంచుతాం. పాత డబ్బాలో పోసి ఇస్తే దాని మీది లేబుల్‌నే నమ్ముతారు. మా స్నేహితురాలి బాబుకు జీడిపప్పు పడదు. ఒకసారి ఆమెకు వచ్చిన డబ్బా మీద "రాగి పిండి" అని మాత్రమే ఉంది. అలవాటు కొద్దీ ఫోన్ చేసి అడిగింది కాబట్టి సరిపోయింది. లోపల జీడిపప్పు ఉంది! ఒక మాస్కింగ్ టేప్ ముక్క మీద దినుసులు, చేసిన తేదీ రాయడానికి నిమిషం పట్టదు.

అమ్మాలనుకుంటే మన రాష్ట్ర వ్యవసాయ శాఖ కాటేజ్ ఫుడ్ నిబంధనలు ముందు చదవండి. "షుగర్ తగ్గుతుంది" వంటి మాటలు లేబుల్ మీద రాయకండి. జబ్బు తగ్గిస్తుందని రాస్తే చట్టం దాన్ని మందుగా చూస్తుంది.

మా మామగారికి ఇప్పుడు చిన్న డబ్బాయే కొంటున్నాను. పౌండుకు రెండు డాలర్లు ఎక్కువే పడుతోంది. గ్లాసు మాత్రం ఖాళీగా తిరిగొస్తోంది.