కొత్త టైర్లు రెండే కొంటే ముందు వేయాలా? వెనక వేయాలా? బొలెరో, థార్, ఇన్నోవా ఓనర్లు షాపుకెళ్లే ముందు చూడాల్సినవి ఇవే

జంగారెడ్డిగూడెం: వానాకాలం మొదలైతే టైర్ల షాపులకు గిరాకీ పెరుగుతుంది. బటన్లు అరిగిపోయిన టైర్లతో తడి రోడ్డెక్కితే ఏమవుతుందో డ్రైవింగ్ సీట్లో కూర్చున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. అయితే నాలుగు టైర్లూ ఒకేసారి మార్చాలంటే ఖర్చు ఎక్కువ. అందుకే చాలామంది రెండు కొని సర్దుకుంటారు. ఆ రెండూ ఎక్కడ వేయాలన్న దగ్గరే పొరపాటు జరుగుతోంది.

"స్టీరింగ్ ముందుంది, బ్రేక్ బరువు ముందు పడుతుంది, కొత్తవి ముందే వేయండి" అని ఎక్కువ మంది అడుగుతారు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ టైర్ల కంపెనీలు చెప్పేది దీనికి రివర్స్. కొత్త జత వెనకే వేయాలి. ఇంజిన్ బలం వెనక చక్రాలకు వెళ్లే బండ్లకైతే ఇది మరీ ముఖ్యం.

మన రోడ్ల మీద అలాంటి బండ్లు ఏవి?

వెనక చక్రాలతో నడిచే కారు అనగానే బీఎండబ్ల్యూ, పోర్షే, ఫోర్డ్ మస్టాంగ్ లాంటి స్పోర్ట్స్ కార్లే గుర్తొస్తాయి. నిజానికి మన వీధిలో ఉన్న బండ్లలోనూ ఇవి చాలా ఉన్నాయి. బొలెరో, బొలెరో పికప్, స్కార్పియో టూ వీల్ డ్రైవ్, మారుతి ఈకో, ఇన్నోవా క్రిస్టా, ఫార్చ్యూనర్ టూ వీల్ డ్రైవ్.. అన్నీ వెనక చక్రాల బండ్లే. 2023 జనవరిలో వచ్చిన తక్కువ ధర థార్ కూడా అంతే. 2024 నవంబర్‌లో మహీంద్రా తెచ్చిన ఎలక్ట్రిక్ కార్లు బీఈ 6, ఎక్స్‌ఈవీ 9ఈలోనూ మోటారు వెనకే ఉంటుంది.

పేరు చూసి మోసపోకూడదు. ఇన్నోవా క్రిస్టా వెనక చక్రాల బండి. ఇన్నోవా హైక్రాస్ మాత్రం ముందు చక్రాలది. అనుమానం ఉంటే ఓనర్ మాన్యువల్ చూసుకోవాలి.

వెనక టైరు ఎందుకంత కీలకం?

ఈ బండ్లలో ముందు టైర్లది ప్రధానంగా తిప్పే పని. వెనక టైర్లకు రెండు పనులు. బండిని ముందుకు తోయాలి, మలుపులో పక్కకు జారకుండా పట్టుకోవాలి. టైరుకు ఉండే పట్టు ఒక్కటే. దాన్నే ఈ రెండు పనులకూ పంచుకోవాలి. తడి మలుపులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే పట్టు అంతా తోయడానికే ఖర్చయిపోతుంది. పక్కకు ఆపడానికి ఏమీ మిగలదు. బండి వెనక భాగం జర్రున బయటికి లాగేస్తుంది.

ముందు టైర్లు జారితే బండి తిన్నగా పోతుంది. స్టీరింగ్ తేలికైనట్టు చేతికి తెలుస్తుంది. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే వేగం తగ్గి, చాలాసార్లు పట్టు మళ్లీ దొరుకుతుంది. వెనక జారితే అలా కాదు. కంగారులో కాలు తీసినా, బ్రేక్ కొట్టినా బరువు ముందుకు పోతుంది. వెనక ఇంకా తేలికవుతుంది. బండి గిర్రున తిరిగిపోతుంది. మామూలు డ్రైవర్ దాన్ని సరిచేసుకోవడం చాలా కష్టం.

ఖాళీ పికప్‌లో ఈ ప్రమాదం ఇంకాస్త ఎక్కువ. పామాయిల్ గెలలో, మొక్కజొన్న బస్తాలో దింపేసి తిరిగొచ్చేటప్పుడు వెనక బరువు ఉండదు. లోడు కోసం వేసిన గట్టి కమాన్ పట్టీల వల్ల బండి ఎగురుతూ ఉంటుంది. అప్పుడు వాన పడితే వెనక టైర్ల బటనే దిక్కు.

చాలా కొత్త కార్లలో జారకుండా కాపాడే ఈఎస్‌సీ ఉంటుంది. అయితే అది పనిచేసేది కూడా టైరు పట్టు మీదే. గుండు టైరుకు కంప్యూటర్ ఏమీ చేయలేదు.

అలాగని ముందు టైర్లు గుండుగా ఉన్నా ఫర్వాలేదని కాదు. ముందువి కూడా చివరికొస్తే నాలుగూ మార్చాల్సిందే. రెండు టైర్ల లెక్క ముందువాటిలో ఇంకా బటన్ మిగిలి ఉన్నప్పుడే.

ఎప్పుడు మార్చాలి?

టైరు గాడుల మధ్యలో అక్కడక్కడా చిన్న రబ్బరు దిమ్మెలు ఉంటాయి. అవి ఎక్కడున్నాయో తెలియడానికి సైడు గోడ మీద చిన్న త్రికోణం గుర్తు ఉంటుంది. కార్లలో ఆ దిమ్మె ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. బటన్ అరిగి దిమ్మెతో సమానమైతే టైరు పని అయిపోయినట్టే.

వానాకాలానికి మాత్రం అంతవరకు ఆగకపోవడం మంచిది. గాడి పని నీళ్లను బయటికి తోసేయడం. లోతు 3 మిల్లీమీటర్లకు వచ్చేసరికే తడి రోడ్డు మీద పట్టు బాగా తగ్గుతుంది. నిలిచిన నీళ్ల మీద వేగంగా పోతే టైరు రోడ్డును వదిలేసి నీటి మీద తేలిపోతుంది. ఆ క్షణంలో స్టీరింగ్, బ్రేక్ రెండూ పనిచేయవు.

సైడు గోడ మీద పగుళ్లు, ఉబ్బు, కోత కనిపిస్తే బటన్ ఎంత ఉన్నా మార్చేయాలి. సైడు గోడకు పంక్చర్ వేయించి నడపడం ప్రాణాలతో చెలగాటమే.

టైరు మీది అంకెలు చదవడం ఎలా?

ఉదాహరణకు బొలెరో టైరు మీద 215/75 ఆర్ 15 100 ఎస్ అని ఉందనుకుందాం.

* 215 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో.
* 75 అంటే సైడు గోడ ఎత్తు వెడల్పులో 75 శాతం.
* ఆర్ అంటే రేడియల్. 15 అంటే రిమ్ సైజు అంగుళాల్లో.
* 100 అంటే లోడ్ ఇండెక్స్. ఒక్కో టైరు 800 కిలోలు మోస్తుంది. 95 అయితే 690 కిలోలు, 91 అయితే 615 కిలోలు.
* ఎస్ అంటే గంటకు 180 కిలోమీటర్ల వేగం వరకు. హెచ్ అయితే 210, వి అయితే 240, డబ్ల్యూ అయితే 270, వై అయితే 300.

డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీదో, మాన్యువల్‌లోనో కంపెనీ చెప్పిన సైజు, గాలి వివరాలు ఉంటాయి. లోడ్ ఇండెక్స్, వేగం అక్షరం అంతకంటే తక్కువ ఉన్న టైరు తీసుకోకూడదు. పికప్‌కు పికప్ టైరే వేయాలి. సైజు సరిపోయింది కదా అని కారు టైరు వేస్తే లోడు మీద పేలిపోయే ప్రమాదం ఉంది.

వెడల్పు టైరు వేస్తే లుక్కు వస్తుందా?

వస్తుంది. దాంతో పాటు ఇబ్బందులూ వస్తాయి. బొలెరోకు 215/75 బదులు 235/75 వేశారనుకుందాం. టైరు మొత్తం ఎత్తు సుమారు 703 మిల్లీమీటర్ల నుంచి 733కు పెరుగుతుంది. అంటే 4 శాతం పైనే తేడా. మీటరు 80 చూపిస్తుంటే బండి నిజంగా 83 దాటి పోతుంటుంది. తిప్పినప్పుడు టైరు లోపలి భాగాలకు తగలొచ్చు, మైలేజీ తగ్గుతుంది, పికప్ మందగిస్తుంది. ఎత్తులో తేడా 3 శాతం దాటకూడదన్నది సాధారణంగా పాటించే లెక్క.

రఫ్‌గా కనిపించే ఆల్ టెర్రెయిన్, మడ్ టెర్రెయిన్ టైర్ల విషయంలోనూ ఆలోచించాలి. బుట్టాయగూడెం అవతల ఏజెన్సీ మట్టి బాటల్లో, గుబ్బల మంగమ్మ గుడి దారి లాంటి చోట్ల ఎక్కువ తిరిగేవారికి ఆల్ టెర్రెయిన్ ఉపయోగమే. రోజూ ఏలూరు, రాజమండ్రి తారు రోడ్డు మీదే తిరిగే బండికి మాత్రం హైవే టైరే మేలు. మడ్ టైరులో పెద్ద దిమ్మెలు, వాటి మధ్య ఖాళీలు ఎక్కువ. తడి తారు మీద ఆనే రబ్బరు తక్కువ. సౌండ్ కూడా ఎక్కువే.

వెనక రెండూ కవలల్లా ఉండాలి

వెనక ఒక టైరు కొత్తది, ఒకటి పాతది.. ఇలా వేయడం వెనక చక్రాల బండ్లలో పెద్ద తప్పు. రెండింటి ఎత్తు తేడా వస్తే డిఫరెన్షియల్ ఎప్పుడూ తిరుగుతూ అరుగుతుంది. లాకింగ్ డిఫరెన్షియల్ ఉన్న బండికి నష్టం ఇంకా ఎక్కువ. తడిలో బ్రేక్ వేస్తే ఒక వైపు పట్టి, ఇంకో వైపు జారుతుంది. కంపెనీ, మోడల్, బటన్ లోతు రెండింటికీ ఒకటే ఉండాలి. ఒక్క టైరే పాడైతే మంచి స్థితిలో ఉన్న స్టెప్నీ దానికి జత కుదురుతుందేమో ముందు చూడాలి.

నాలుగూ ఒకేలా అరగాలంటే 8 వేల నుంచి 10 వేల కిలోమీటర్లకోసారి రొటేషన్ చేయించాలి. వెనక చక్రాల బండ్లలో వెనకవి తిన్నగా ముందుకు వస్తాయి, ముందువి అడ్డంగా మారి వెనక్కి వెళ్తాయి. క్రమం తప్పకుండా చేయిస్తే నాలుగూ ఒకేసారి మార్చుకోవచ్చు. ముందా, వెనకా అన్న ప్రశ్నే రాదు. టైరు మీద తిరిగే దిశ బాణం గుర్తు ఉంటే మాత్రం పక్కలు మార్చకూడదు.

స్పోర్ట్స్ కారు అయితే..

వీటిలో చాలావాటికి వెనక టైరు ముందుదాని కంటే వెడల్పు. ముందు 225, వెనక 255 ఉన్నాయంటే ముందూ వెనకా మార్చుకోవడం కుదరదు. వెనకవి త్వరగా అరుగుతాయి, వాటి ఖర్చు వేరుగా లెక్కేసుకోవాలి. కొన్ని కంపెనీలు తమ కార్ల కోసం టైర్లు ప్రత్యేకంగా చేయిస్తాయి. సైడు గోడ మీద నక్షత్రం గుర్తు ఉంటే బీఎండబ్ల్యూకి, ఎంఓ అని ఉంటే మెర్సిడెస్‌కు, ఎన్ అక్షరం పక్కన అంకె ఉంటే పోర్షేకు చేసినవని అర్థం.

కొన్ని కార్లలో స్టెప్నీ ఉండదు, రన్‌ఫ్లాట్ టైర్లు ఉంటాయి. గాలి పోయినా కొంత దూరం మెల్లగా నడుస్తాయి. ఖర్చు తగ్గుతుందని వాటి స్థానంలో మామూలు టైర్లు వేస్తే పంక్చర్ కిట్, గాలి పంపు డిక్కీలో ఉండి తీరాలి. లేకపోతే రాత్రిపూట అడవి దారిలో కారు ఆగిపోతే దిక్కుండదు.

ఎలక్ట్రిక్ కార్లదీ ఇదే కథ. బ్యాటరీ బరువుకు తోడు తొక్కగానే మోటారు బలం మొత్తం వెనక టైర్ల మీదే పడుతుంది. బీఈ 6 టార్క్ 380 న్యూటన్ మీటర్లు. పదే పదే గట్టిగా తొక్కితే వెనక బటన్ కళ్ల ముందే కరిగిపోతుంది. లోడ్ ఇండెక్స్ తగ్గించి కొనడం వీటికి అసలు పనికిరాదు.

అమెరికాలో ఉంటూ ఇలాంటి స్పోర్ట్స్ కార్లు కొనే మన పిల్లలు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. సమ్మర్ టైర్ల రబ్బరు 7 డిగ్రీల సెల్సియస్ కంటే చలి పెరిగితే గట్టిపడి పట్టు తప్పుతుంది. చలి ప్రాంతాల్లో వింటర్ టైర్లు వేరే సెట్టు పెట్టుకోవాల్సిందే.

షాపులో ఏం అడగాలి?

పెద్ద సైజు టైర్లు చిన్న పట్టణాల్లో రోజూ అమ్ముడుపోయేవి కావు. ఆర్డర్ మీద తెప్పిస్తారు, లేదా ఎప్పటిదో స్టాకు ఉంటుంది. అందుకే తయారీ తేదీ చూడటం తప్పనిసరి. సైడు గోడ మీద డాట్ కోడ్ చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2325 అని ఉంటే 2025లో 23వ వారంలో తయారైందని అర్థం. వాడకపోయినా రబ్బరు గట్టిపడుతుంది. అయిదేళ్లు దాటిన టైరును ఏటా చూపించుకోవాలి. పదేళ్లు దాటితే బటన్ ఉన్నా తీసేయాలి.

* ఐఎస్ఐ గుర్తు ఉందా? కారు టైర్లకు ఐఎస్ 15633 నంబరు ఉంటుంది.
* స్టార్ లేబుల్ ఇంధన ఆదా గురించి చెబుతుంది. తడి రోడ్డు మీద పట్టు గురించి కాదు. అది విడిగా అడగాలి.
* రేటులో జీఎస్టీ ఎంత? 2025 సెప్టెంబర్ 22 నుంచి కారు టైర్ల మీద పన్ను 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. బిల్లులో సరిచూసుకోవాలి.
* వారంటీ కార్డు మీద టైరు నంబరు, తేదీ రాయించుకోవాలి.
* కొత్త వాల్వులు, బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ చేయించాలి. అలైన్‌మెంట్ లేకపోతే కొత్త టైరు కూడా ఒక పక్కే అరిగిపోతుంది.
* రీబటన్ టైరు తక్కువలో వస్తుందని కారుకు వేయొద్దు.

ఇంటికొచ్చాక..

కొత్త టైరు మీద తయారీలో అంటిన జిగురు పొర ఉంటుంది. మొదటి 200, 300 కిలోమీటర్లు మెల్లగా నడిపితే అది పోయి పట్టు వస్తుంది. గాలి పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. లోడు వేస్తే వెనక గాలి ఎంత పెంచాలో స్టిక్కర్ మీదే ఉంటుంది. స్టెప్నీలో గాలి నెలకోసారి చూడటం మరచిపోవద్దు.

మద్ది ఆంజనేయస్వామి దర్శనానికి వెళ్లే కుటుంబమైనా, మారేడుమిల్లి ఘాట్ ఎక్కే కుర్రాళ్లైనా వానలో బండిని రోడ్డు మీద నిలబెట్టేది అరచేయంత మేర రోడ్డుకు ఆనే నాలుగు రబ్బరు ముక్కలే. బడ్జెట్ రెండింటికే ఉంటే మంచి జత ఒకటి కొని వెనక వేయించాలి. ముందు రెండింటికి డబ్బులు కూడేదాకా తడి రోడ్డు మీద వేగం తగ్గించి నడపాలి.