లింగంపల్లి నుంచి మణికొండ దాకా: ఇల్లు వెతుక్కునే రోజు

ఆగస్టు నెల, పనిరోజు, పొద్దున్నే. రాత్రి పట్టిన వాన ఇప్పుడే తెరిపిచ్చింది. మీరు లింగంపల్లి స్టేషన్ ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నారు. కాకినాడ నుంచి వచ్చే గౌతమి ఎక్స్‌ప్రెస్‌కి ఇదే ఆఖరి స్టేషన్ గనక దిగేవాళ్ళెవరికీ హడావిడి లేదు. కాజా డబ్బాలు, బియ్యం సంచులు, పచ్చడి జాడీలు ఒక్కొక్కటే కిందికి దిగుతున్నాయి. వాటి వెనకాల మీ అమ్మ, నాన్న.

"సికింద్రాబాద్‌లో దిగి ఆటోవాడితో బేరమాడే బాధ తప్పింది" అంటారు నాన్న.

బాబాయి ఆ మాట పట్టుకుంటాడు. బీహెచ్ఈఎల్‌లో పనిచేసి రామచంద్రాపురంలోనే ఇల్లు కట్టుకున్న మనిషి. ఈ పడమటి శివార్లన్నీ జొన్నచేలుగా ఉన్నప్పటి నుంచీ ఎరుగును. "చూడు నాన్నా, ఇది మొదటి లెక్క. పెద్దవాళ్ళు నీ ఇంటికి ఎంత తేలిగ్గా రాగలరు? తిరుపతి వెళ్ళే నారాయణాద్రి కూడా ఇక్కడే బయల్దేరుతుంది."

మీ ఫోన్‌లో ఇంకో లెక్క ఉంది. హైదరాబాద్ తిరిగొచ్చి స్థిరపడదామని టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో కూర్చుని వేసుకున్న పట్టిక. నల్లగండ్ల, తెల్లాపూర్, కోకాపేట, మణికొండ అని నాలుగు వరసలు. చదరపు అడుగు ధర, ఆఫీసుకి దూరం, క్లబ్‌హౌస్‌లో ఈతకొలను ఉందా లేదా. పటంలో చూస్తే నాలుగూ ఇరవై కిలోమీటర్ల లోపే, ఒకదాని పక్కన ఒకటి. బాబాయి పట్టికంతా చదివి ఫోన్ మీ చేతిలో పెడతాడు. "ఇందులో టైము లేదు, వాన లేదు, నీళ్ళు లేవు. కారెక్కండి."

అమ్మానాన్నల్ని బాబాయి ఇంట్లో దింపి, పదేళ్ళ మీ పాపతో తిరిగి బయల్దేరతారు. లింగంపల్లిలో రైలుపట్టాల కిందనుంచి పోయే అండర్‌పాస్ ముందు పోలీసులు అడ్డు పెట్టారు. లోపల మోకాలి లోతు నీళ్ళు. పెద్ద వాన పడ్డప్పుడల్లా ఇక్కడ ఇదే తంతు. బాబాయి ఏమీ అనకుండా కారు వెనక్కి తిప్పి, హెచ్‌సీయూ డిపో మీదుగా నల్లగండ్ల ఫ్లైఓవర్ ఎక్కుతాడు.

నల్లగండ్లలో బడి బస్సుల వేళ. ప్రతి గేటెడ్ కమ్యూనిటీ ముందూ పసుపు బస్సులు వరసకట్టాయి. ఒక్కో బస్సు మీద ఒక్కో బడి పేరు. ఒకే గేటులోంచి వచ్చిన పిల్లలు నాలుగు దిక్కులకి పోతున్నారు. మీ పాపకి ఇది వింత. ఫ్రిస్కోలో మీ వీధి పిల్లలంతా ఒకే బడికి వెళ్ళేవాళ్ళు. ఏ ఇంట్లో ఉంటే ఆ బడి. అందుకే అక్కడ బడి రేటింగ్ చూసి ఇల్లు కొంటారు, ఏటా ఇంటి విలువలో రెండు శాతం దాకా ఆస్తి పన్ను కడుతూ. ఇక్కడ చిరునామా ఏ బడికీ హక్కు ఇవ్వదు. ముందు సీటు దొరకాలి. ఆ తర్వాత పిల్ల రోజూ ఎంతసేపు బస్సులో కూర్చుంటుందో చూసుకుని ఇల్లు వెతుక్కోవాలి. మీ పట్టికలో బడి ఆఖరి గడిలో ఉంది. దాన్ని ముందుకు జరుపుతారు.

టిఫిన్ సెంటర్ దగ్గర ఆగి నిలబడే పెసరట్టు తింటూ చుట్టూ చూస్తారు. మందుల షాపు, కూరగాయల బండ్లు, సూపర్ మార్కెట్, కాస్త అవతల పెద్దాసుపత్రి. ఇక్కడ మెయిన్ రోడ్డుకి వయసొచ్చింది. అవసరమైనవన్నీ వెలిశాయి, రద్దీ కూడా. పక్కనే 1974లో మొదలైన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పచ్చదనం. "ఈ వ్యూ చూపించి రేటు పెంచుతారు" అంటాడు బాబాయి. ఆ పచ్చదనం ఎన్నాళ్ళుంటుందో ఎవరూ రాసివ్వలేరు. యూనివర్సిటీని ఆనుకున్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్లు కొట్టడం 2025 ఏప్రిల్‌లో ఆగిందంటే, సుప్రీంకోర్టు ఆపమంది గనకే ఆగింది.

నల్లగండ్ల చెరువు కనిపించే వైపు కారు ఆపుతాడు. గట్టు దగ్గర నిలబడి ఎఫ్‌టీఎల్, అంటే చెరువు నిండినప్పుడు నీరు చేరే గీత, ఎక్కడిదాకా వస్తుందో చేత్తో చూపిస్తాడు. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఆ గీత నుంచి ఇంకో 30 మీటర్ల బఫర్ వదలాలి. 2024 జూలైలో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా సంస్థ వచ్చాక ఈ గీతల మీద బుల్‌డోజర్లు నడిచాయి. చేతిలో రిజిస్ట్రేషన్ కాగితాలున్న వాళ్ళు కూడా రోడ్డున పడ్డారు. "లేక్ వ్యూ అన్న మాట వినపడితే మ్యాప్ తియ్యమను. చెరువు ఎఫ్‌టీఎల్ మ్యాప్, సర్వే నంబరు పక్కపక్కన పెట్టి చూడు. బిల్డర్ ఇచ్చింది కాదు, హెచ్ఎండీఏ వెబ్‌సైట్‌లోది."

తొమ్మిదిన్నర. గోపన్‌పల్లి తండా దగ్గర 2024 జూలైలో తెరిచిన ఫ్లైఓవర్ ఎక్కుతారు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కి పోయే కార్లు విప్రో సర్కిల్ వైపు బారులు తీరాయి. మీరు తెల్లాపూర్ వైపు తిరగ్గానే రోడ్డు ఖాళీ. ఆ ఖాళీ చూసి మీ మనసు కొంచెం మెత్తబడుతుంది. "మనం ఎదురు పోతున్నాం గనక ఖాళీ. నీ ఆఫీసు అటే, ఇక్కడ దిగితే రోజూ ఆ బారులో ఉంటావు" అని బాబాయి గుర్తుచేస్తాడు.

దారిలో రంగారెడ్డి జిల్లా అయిపోయి సంగారెడ్డి జిల్లా మొదలైంది. మీకు తెలియను కూడా తెలియలేదు. తెల్లాపూర్ 2018లో పంచాయతీ నుంచి మున్సిపాలిటీ అయింది. 2025 చివర్లో నగరం చుట్టూ ఉన్న 27 పట్టణ పాలక సంస్థల్ని జీహెచ్ఎంసీలో కలిపినప్పుడు ఇదీ కలిసింది. పేరు నగరంలో చేరినంత త్వరగా పైపులైను చేరదు. ఒక పెద్ద కమ్యూనిటీ గేటు దగ్గర రిజిస్టర్‌లో పేరు రాస్తూ వాచ్‌మన్‌ని నీళ్ళ సంగతి అడుగుతారు.

"బోర్లు నాలుగున్నయ్ సార్. వానల్ల మంచిగనే పోస్తయ్. ఎండకాలమొస్తే రెండే. మిగిలింది మొత్తం ట్యాంకర్లే."

ఇదంతా గ్రానైట్ నేల. నీరు రాతి పగుళ్ళలోనే ఉంటుంది. ఒక టవర్ బోరుకి పగులు తగిలిందని పక్క టవర్‌కీ తగలాలని లేదు. 2024 వేసవిలో పడమటి శివార్లు ట్యాంకర్ల కోసం కాచుకున్నప్పుడు, ఒకే వీధిలో ఒక గేటు ముందు బారు ఉంటే ఇంకో గేటు ముందు లేదు. లింగంపల్లి, బీహెచ్ఈఎల్ వైపు మంజీరా నది నీళ్ళు ఎప్పటినుంచో వస్తున్నాయి. ఇక్కడి లెక్క వేరు. అందుకే బాబాయి సొసైటీ ఆఫీసులో మెయింటెనెన్స్ ఎంతని అడగడు. "ఏప్రిల్, మే నెలల ట్యాంకర్ బిల్లు ఒకసారి చూపిస్తారా?" అంటాడు. మేనేజర్ కొంచెం తటపటాయించి రిజిస్టర్ తీస్తాడు. వేసవిలో అంకెలు మూడింతలయ్యాయి. దానితో పాటు అక్కడ నిజం చెప్పే అలవాటు ఉందని కూడా తెలిసింది. రిజిస్టర్ చూపించనంటే దాన్నే జవాబుగా తీసుకోవాలి.

దగ్గర్లోని బడికి వెళ్తారు. అడ్మిషన్ల గదిలో మేడం మీ పాపని "తెలుగు చదవడం వచ్చా?" అని అడుగుతుంది. పాప తల అడ్డంగా ఊపుతుంది. మాట్లాడటం వచ్చు, అక్షరాలు రావు. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం బోర్డు ఏదైనా పదో తరగతి దాకా తెలుగు చదవాల్సిందే. అయితే తెలుగు కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసం 'వెన్నెల' అనే సులభ వాచకం ఉంది. 9, 10 తరగతులకి సీబీఎస్ఈ, ఐసీఎస్ఈ, ఐబీ బడుల్లో కూడా దాన్నే వాడొచ్చని 2025లో ప్రభుత్వం వీలు కల్పించింది. "మీరు ఏ సంవత్సరంలో వచ్చినా మాకు ఇబ్బంది లేదు. పాపకి మాత్రం చిన్న తరగతుల్లో వస్తేనే తేలిక" అంటుంది మేడం. ఫ్రిస్కోలో మీరు ఏటా వాయిదా వేస్తూ వచ్చిన విషయం అది.

కొల్లూరు వైపు సాగితే ఆకాశం పెద్దదవుతుంది. 2023లో ప్రారంభించిన 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ళ కాలనీ, దానికి కాస్త దూరంలో కోట్ల విల్లాలు. రెండింటికీ ఒకే అవుటర్ రింగ్ రోడ్డు. 158 కిలోమీటర్ల ఆ రింగు పక్కన సోలార్ కప్పు వేసిన సైకిల్ ట్రాక్, అదీ 2023లోనే తెరిచారు. పాప అద్దం దించి చూస్తుంది. రోడ్డు పక్క హోర్డింగుల్లో ప్రతిదాని మీదా 'మెట్రోకి అయిదు నిమిషాలు'. ఇవాళ్టికి మెట్రో ఒకవైపు మియాపూర్‌లో, ఇంకోవైపు రాయదుర్గంలో ఆగిపోతుంది. మిగతాది ప్రతిపాదన. పాపకి పదేళ్ళు. ఆ రైలు వచ్చేసరికి తను బడి దాటేయవచ్చు.

రెండు గంటలు. కోకాపేట. తల పూర్తిగా వెనక్కి వాల్చితే గానీ పై అంతస్తు కనిపించదు. 2006లో వచ్చిన జీవో 86 హైదరాబాద్‌లో ఎఫ్ఎస్ఐ, అంటే స్థలాన్ని బట్టి ఎంత కట్టొచ్చన్న లెక్క, దాని మీద పరిమితి తీసేసింది. స్థలం, రోడ్డు వెడల్పు, అనుమతులు ఉంటే ఎంత ఎత్తయినా లేపొచ్చు. 2023 ఆగస్టులో ఇక్కడి నియోపొలిస్ వేలంలో ఒక ఎకరం 100.75 కోట్లకి పోయింది. ఆ ధరకి భూమి కొన్నవాళ్ళు పైకి పోక ఏం చేస్తారు! దూరంగా రాయి పేల్చిన చప్పుడు. సైట్ ఆఫీస్ అద్దాలు సన్నగా అదురుతాయి. కాఫీ తెచ్చిన కుర్రాడు కూడా అటు చూడడు.

సేల్స్ అమ్మాయి మోడల్ ఫ్లాట్ చూపిస్తూ 2,400 అడుగులంటుంది. కార్పెట్ ఏరియా ఎంతని అడిగితే నవ్వి బ్రోషర్ తిరగేస్తుంది. ఇళ్ళ అమ్మకాలకి వర్తించే రెరా చట్టం ప్రకారం లెక్క దానిమీదే చెప్పాలి. బయటి గోడలు, కారిడార్లు, లిఫ్టులు, క్లబ్‌హౌస్ వాటా తీసేస్తే చేతికొచ్చేది 1,650 దగ్గర తేలింది. తర్వాత బాబాయి యూడీఎస్ అడుగుతాడు, అంటే నేలలో మీ వాటా. ఎకరం 4,840 గజాలు. ఎకరానికి 150 ఫ్లాట్లు కడితే సగటున ఒక్కోదానికి 32 గజాలు. బాబాయి రామచంద్రాపురంలో ఇంటి ముందు జామచెట్టుకీ స్కూటర్‌కీ వదిలిన జాగా అంత.

అయినా కోకాపేటని తీసిపారేయలేరు. మీ ఆఫీసు ఇక్కడి నుంచి నడిచి వెళ్ళొచ్చన్నంత దగ్గర. బాల్కనీలోంచి గండిపేట నీళ్ళు కనిపిస్తాయి. 1908 మూసీ వరద తర్వాత నగరాన్ని కాపాడటానికి కట్టిన ఉస్మాన్‌సాగర్ అది, 1920లో పూర్తయింది. పిల్లలు లేని జంటకి, రోజూ తొమ్మిదింటికి మీటింగ్ ఉన్నవాళ్ళకి ఇది సుఖమైన చోటు. అమ్మకి మాత్రం కొత్తిమీర కావాలంటే ఫోన్‌లో ఆర్డర్ పెట్టాలి.

ఆరు గంటలు. మణికొండ. కారు సందులోకి దూరగానే ఎదురుగా నీళ్ళ ట్యాంకర్, వెనకాల ఆటో. కరెంటు తీగల కింద టు-లెట్ బోర్డులు, కర్రీ పాయింట్లు, లేడీస్ హాస్టళ్ళు, పూల బండ్లు. అయిదంతస్తుల పాత అపార్ట్‌మెంట్‌లో ఒక ఫ్లాట్ చూస్తారు. ఈతకొలను లేదు, లిఫ్టు మూలుగుతుంది. గోడలు మందంగా ఉన్నాయి, అద్దె మిగతా మూడుచోట్ల కంటే తక్కువ. ఎదురింటావిడ తలుపు తీసి "కొత్తగా వస్తున్నారా? ఏ ఊరు మీది?" అని అడుగుతుంది. పొద్దుట్నుంచి మిమ్మల్ని ఆ మాట అడిగింది ఈవిడే. అమ్మ ఇక్కడుంటే మనుషులకి కొరత ఉండదని మీకు అనిపిస్తుంది. పార్కింగ్ కోసం మీరు రోజూ తగువు పడాల్సి వస్తుందని కూడా.

తిరుగు ప్రయాణం ఆఫీసులు వదిలే వేళకి పడింది. మధ్యాహ్నమైతే ఇరవై నిమిషాల్లో దాటే దారికి ఇప్పుడు గంట దాటింది. విప్రో సర్కిల్‌లో బ్రేకు లైట్ల మధ్య పాప నిద్రపోయింది. అప్పుడు బాబాయి తన తీర్పు చెప్తాడు. రోజంతా చూశాక మీకూ కాదనాలనిపించదు.

పిల్లలు, పెద్దవాళ్ళు ఉన్న ఇంటికి మొదటి ఏడాది నల్లగండ్లలో అద్దె. రైలు, ఆసుపత్రి, బడి బస్సులు అన్నీ అక్కడ దగ్గర. వానకి మునిగే అండర్‌పాస్, రోడ్డు మీద రద్దీ, ఇవీ చిక్కులు. కొని ఆగగలిగిన వాళ్ళకి తెల్లాపూర్, కొల్లూరు, అదీ ట్యాంకర్ రిజిస్టర్ చూశాకే. ఆఫీసే జీవితమైతే కోకాపేట. డబ్బు పొదుపూ, ఇరుగుపొరుగూ ముఖ్యమైతే మణికొండ.

విదేశం నుంచి కొనేయాలనే తొందర ఉన్నవాళ్ళకి ఒక మాట. రెరా నంబరు లేని ప్రీ-లాంచ్‌కి ఎంత తక్కువ ధర చెప్పినా అడ్వాన్సు పంపకండి. ముందు అద్దెకి దిగండి. అక్కడ ఒక ఆగస్టు వాన, ఒక ఏప్రిల్ ఎండ, పిల్లల బడి ఒక పూర్తి సంవత్సరం చూడండి. ఆ తర్వాత కూడా ఆ ఊరే కావాలనిపిస్తే, అప్పుడు కొనండి.